'ఓవరాక్షన్' – ఎవరి కొలబద్ద?

నాటకరంగం నుంచీ సినిమా నుంచీ మన వాడుకభాషలోకి వచ్చిన మాటలు చాలా ఉన్నాయి. వాటిలో 'ఓవరాక్షన్' అన్నంత విరివిగా వినిపించే మాట మరొకటి లేదేమో. నటుణ్ణి విమర్శించేటప్పుడు ఈ మాట వాడతారు. అది సహజమే. కాని నాటకంతో ఏ సంబంధమూ లేని చోట్ల కూడా, బస్సులో, బడిలో, ఆఫీసులో, పొలంలో, వంటింట్లో కూడా ఇది వినిపిస్తూనే ఉంటుంది. నటనను తూచడానికి పుట్టిన మాట మనుషుల్ని అదుపులో పెట్టే మాటగా ఎట్లా మారింది? అట్లా మారిన మాట తిరిగి కళావిమర్శలోకి వచ్చి ఏం చేస్తోంది? ఈ రెండు ప్రశ్నలూ వేసుకోకుండా విమర్శకులు ఈ మాటను వాడటం మంచిది కాదని నా అభిప్రాయం.

ముందు మాట సంగతి చూద్దాం. మితిమీరిన నటనను ఇంగ్లీషులో 'ఓవర్ యాక్టింగ్' అంటారు. మనం దాన్ని 'ఓవరాక్షన్' చేసుకున్నాం. ఇది ఇంగ్లీషు రాకపోవడం వల్ల వచ్చిన తప్పని ఎవరైనా నవ్వవచ్చు. నవ్వనక్కరలేదు. తెలుగులో 'యాక్షన్' అంటే నటన అనే అర్థం ఎప్పుడో స్థిరపడింది. 'దుర్యోధనుడి వేషం వేసినవాడి యాక్షన్ బ్రహ్మాండం' అంటాం. 'బడి ఎగ్గొట్టడానికి కడుపునొప్పని యాక్షన్ చేస్తున్నాడు' అనీ అంటాం. నటనా, దొంగనటనా రెండూ ఆ మాటలోనే ఇమిడి ఉన్నాయి. దానికి 'ఓవర్' తోడయింది. ఇంగ్లీషు అక్షరం ముక్క రాని వాళ్ళు కూడా ఈ మాటను తడుముకోకుండా వాడతారు. పోను పోను 'యాక్షన్' కూడా రాలిపోయి 'ఓవర్ చేస్తున్నావ్' అనే రూపం మిగిలింది. 'ఎక్కువ చేస్తున్నావ్', 'అతి చేయకు' అనేవి దానికి తెలుగు జంటలు. కాబట్టి ఇది మన మాటే. దాని మంచిచెడ్డలకు బాధ్యులం కూడా మనమే.

ఈ మాట రాకముందు మన భాషలో ఈ పని చేసిన మాటలు లేవా? కావలసినన్ని ఉన్నాయి. 'వేషాలు వేయకు', 'నాటకాలాడకు', 'రాగాలు తీయకు', 'చిందులు తొక్కకు', 'గారడీ చేయకు'. ఈ వరుసను ఒక్కసారి జాగ్రత్తగా చూడండి. వేషం పగటివేషగాడి బతుకుతెరువు. రాగం పద్యనాటక నటుడి సొత్తు. చిందు చిందు భాగవతుల కళ. గారడీ గారడీవాడి విద్య. రాత్రి తెల్లవార్లూ ఎవరి ఆట చూసి మురిసిపోయామో, తెల్లవారాక వాళ్ళ వృత్తినే తిట్టు కింద మార్చుకున్నాం. ప్రదర్శన మీద బతికే కులాల పేర్లు కొన్ని నేటికీ మన నోళ్ళలో తిట్లుగానే ఉన్నాయి. ఇది మన ఒక్కరి అలవాటు కాదు. అతిగా నటించేవాణ్ణి ఇంగ్లీషువాళ్ళు 'హామ్' అంటారు. పంతొమ్మిదో శతాబ్దం చివర అమెరికాలో చిల్లర నటుల్ని ఈసడించడానికి పుట్టిన మాటలతో దానికి చుట్టరికం ఉంది. ఎక్కడ చూసినా నటనలోని అతిని నిందించే మాట వెనుక నటుడి అంతస్తు మీద ఏవగింపు దాగి ఉంటుంది.

ఐతే పాత మాటలకూ 'ఓవరాక్షన్'కూ మధ్య ఒక ముఖ్యమైన తేడా ఉంది. 'నాటకాలాడకు' అన్నప్పుడు నువ్వు చూపిస్తున్నది అబద్ధం అని ఆరోపిస్తున్నాం. ఆరోపణ కాబట్టి దానికి జవాబు ఉంటుంది. కడుపునొప్పి నిజమేనని వైద్యుడు చెబితే ఆ ఆరోపణ కూలిపోతుంది. 'ఓవరాక్షన్ చేయకు' అన్నప్పుడు అబద్ధమని రుజువు చేయవలసిన పనే లేదు. నీ బాధ నిజమే కావచ్చు, కాని నీకు కేటాయించిన పాలు కంటే ఎక్కువ బాధపడుతున్నావు అని దాని అర్థం. ఇక్కడ నిజానిజాల చర్చ లేదు. ఉన్నదల్లా మోతాదు. ఆ మోతాదును ఎవరు నిర్ణయించారు? ఆ మాట అన్నవాడే. అందుకే దీనికి జవాబు లేదు. జవాబు చెప్పబోతే అదీ ఓవరాక్షనే అవుతుంది.

ఈ మాట ఎవరు ఎవరితో అంటున్నారో గమనిస్తే సంగతి ఇంకా తేటపడుతుంది. ఎదురుగా నిలబడి అనేటప్పుడు ఇది పైనుంచి కిందికే ప్రవహిస్తుంది. మేస్త్రీ కూలితో అంటాడు. కూలి మేస్త్రీతో అనలేడు, ఆయన వెనుక అనుకుంటాడు. అత్త కోడలితో అంటుంది. పై అధికారి గుమస్తాతో అంటాడు. ఆకతాయి వేధించాడని ఫిర్యాదు చేసిన ఆడపిల్లతో ఇంట్లోవాళ్ళే అంటారు. రావలసిన కూలి గట్టిగా అడిగిన మనిషి 'ఎక్కువ చేస్తున్నాడు'. వాడలోని కుర్రవాడు ఇస్త్రీ చొక్కా వేసుకుని నల్లకళ్ళద్దాలు పెట్టుకుని ఊరి నడిబజారులో నడిస్తే 'ఓవర్ చేస్తున్నాడు'. అవే కళ్ళద్దాలు ఆసామి కొడుకు పెట్టుకుంటే అది షోకు. పెద్దింటి దుఃఖం గంభీరం, పేదింటి దుఃఖం గోల. పెద్దమనిషి కోపం పౌరుషం, పాలేరు కోపం పొగరు. ఒకే భావానికి రెండు పేర్లు పెట్టడం అసమాన సమాజాలన్నిటికీ అలవాటే. 'ఓవరాక్షన్' ఆ రెండో పేర్లలో ఒకటి.

ఉపాధ్యాయవృత్తిలో ఉన్నవారికి దీని మరో ముఖం తెలుస్తుంది. తరగతిలో పాఠం పైకి చదివేటప్పుడు ఏదో ఒక పిల్లవాడు భావం గొంతులో పలికించి చదువుతాడు. వెనక బెంచీ నుంచి 'ఓవరాక్షన్' అని చిన్నగా వినపడుతుంది. మర్నాటి నుంచి ఆ పిల్లవాడు అందరిలాగే ఒకే శ్రుతిలో, ఎక్కడా తడి తగలకుండా చదవడం నేర్చుకుంటాడు. అనేవాళ్ళు కూడా పిల్లలే. వాళ్ళు దుర్మార్గులు కారు. గుంపు నుంచి ఒక అడుగు ముందుకు వేసినవాణ్ణి వెనక్కి లాగే పని ఆ మాట వాళ్ళచేత చేయిస్తోంది. భావాన్ని దాచుకోవడమే మర్యాద అని పిల్లలు నేర్చుకున్న చోట సాహిత్య పాఠానికి మిగిలేది ప్రతిపదార్థం మాత్రమే.

ఇక కళారంగంలోకి వద్దాం. నటనలో అతి అనేది లేనే లేదని నేను వాదించడం లేదు. ఉంది. కావలసినంత ఉంది. ఐతే దేనితో పోల్చి అతి అంటున్నామో చెప్పకుండా అతి అనకూడదు. దీన్ని మన ప్రాచీనులు ఏనాడో గుర్తించారు. భరతుడి నాట్యశాస్త్రం లోకధర్మి, నాట్యధర్మి అని రెండు మార్గాలు చెప్పింది. లోకంలో మనుషులు ప్రవర్తించే తీరును అనుసరించేది మొదటిది. ప్రదర్శనకు సొంతమైన కట్టుబాట్లను అనుసరించేది రెండోది. రెండోదాన్ని మొదటిదాని కొలతతో కొలవడం తవ్వతో బట్ట కొలిచినట్టే ఉంటుంది.

వీధినాటకాన్ని తీసుకోండి. కాగడాల వెలుగులో, మైకులు లేని కాలంలో, ఊరు ఊరంతా కూర్చున్న మైదానంలో ఆఖరి వరుసలో ఉన్న ముసలమ్మకు హిరణ్యకశిపుడి కోపం అందాలి. కనుబొమ్మ ముడిస్తే అందదు. కాలు నేలకేసి తన్నాలి, గొంతు చించుకోవాలి, కిరీటం అదరాలి. ముఖానికి దట్టంగా పూసిన రంగూ, భుజకీర్తులూ, గజ్జెలూ అన్నీ ఆ దూరాన్ని జయించడానికి పుట్టినవే. తెలంగాణలో చిందు ఎల్లమ్మ వంటి కళాకారిణులు నిలబెట్టిన యక్షగాన సంప్రదాయమూ అటువంటిదే. షేక్ నాజర్ బుర్రకథలో కథకుడు ఒక్కడే. క్షణంలో రాజు, క్షణంలో సైనికుడు, మరుక్షణంలో ఏడ్చే తల్లి. అడుగు తిప్పి, కనురెప్పపాటులో మనిషిని మార్చాలి. గదిలో కూర్చుని మాట్లాడే మనిషిలా నాజర్ నటించి ఉంటే బుర్రకథ ఉండేదే కాదు.

గొంతు తగ్గించి మాట్లాడటం గోడలున్న ఇళ్ళలో పుట్టే అలవాటు. పొలం ఈ గట్టు మీద నుంచి ఆ గట్టు మీది మనిషిని పిలిచేవాళ్ళ గొంతు వేరు. చావు ఇంట్లో ఆడవాళ్ళు చనిపోయినవాళ్ళ గుణగణాలు ఒక్కొక్కటే తలచుకుని శోకాలు పెట్టి ఏడవడం మన పల్లెల్లో తరతరాలుగా ఉంది. అందులో ఒక వరస ఉంది, ఒక లయ ఉంది, చెప్పవలసిన కథ ఉంది. పట్నం నుంచి వచ్చిన బంధువుకు అది ఓవరాక్షన్‌గా కనిపిస్తుంది. అది దుఃఖానికి ఊరు ఇచ్చిన రూపం అని ఆయనకు తట్టదు. సహజ నటనను మెచ్చుకునే నేటి సినిమా విమర్శలో కూడా ఈ పట్నపు బంధువు చూపే ఎక్కువగా కనిపిస్తుంది. సహజ నటన గొప్పది. ఐతే అదొక్కటే గొప్పదనడం మధ్యతరగతి ముందుగది మర్యాదను కళకు శాసనం చేయడమే అవుతుంది.

సహజత్వం కోసం మన రంగస్థలం మీద జరిగిన పోరాటాన్ని దీనివల్ల తక్కువ చేయనక్కరలేదు. ధర్మవరం రామకృష్ణమాచార్యులు నాటకంలో పద్యాలకు రాగాలు కట్టించి ప్రేక్షకుల్ని కట్టిపడేశారు. ఆయన మేనల్లుడే బళ్ళారి రాఘవ (1880–1946). రాగాల జోరులో పాత్ర కొట్టుకుపోతోందని గ్రహించి, మాటకూ భావానికీ పెద్దపీట వేయాలని, స్త్రీపాత్రలు స్త్రీలే ధరించాలని పట్టుబట్టినవాడు. రాఘవ దెబ్బ వేసింది దేని మీద? పెద్ద గొంతు మీద కాదు, పెద్ద అభినయం మీద కాదు. పాత్రను వదిలేసి తనను తాను ప్రదర్శించుకునే నటుడి మీద. శ్మశానంలో కొడుకు శవం ముందు హరిశ్చంద్రుడు పద్యం ఎత్తుకుంటాడు. 'వన్స్ మోర్' అని కేక వినిపిస్తుంది. హరిశ్చంద్రుడు పుత్రశోకం పక్కనపెట్టి, చప్పట్లకు చిరునవ్వు నవ్వి, అదే పద్యం మరింత రాగంతో అందుకుంటాడు. అతి ఇక్కడ ఉంది. రాగం పొడవులో కాదు, ఆ చిరునవ్వులో ఉంది.

కాబట్టి ఒక నటనను ఓవరాక్షన్ అనేముందు మూడు ప్రశ్నలు వేసుకోవాలని నేను ప్రతిపాదిస్తాను. ఆ ప్రదర్శన ఏ రూపంలో ఉంది? నటుడికీ చూసేవాడికీ మధ్య దూరం ఎంత? ఆ హెచ్చు ఎవరి కోసం, పాత్ర కోసమా, నటుడి కోసమా? ఈ మూడింటికీ జవాబు దొరికిన తర్వాత కూడా మాట నిలబడితే నిస్సంకోచంగా అనవచ్చు.

కొన్ని ఉదాహరణలు పరిశీలిద్దాం. 'కన్యాశుల్కం'లో గిరీశం నిత్యజీవితంలోనే నటించే మనిషి. ఇంగ్లీషు ముక్కలు విసరడం, ఛాతీ విరుచుకోవడం, గొప్పలు కొట్టడం అతని స్వభావం. అతని వేషం కట్టిన నటుడు అతి చేసే మనిషిని అతి లేకుండా చూపించాలి. గిరీశాన్ని చూసి మనం నవ్వితే నటుడు గెలిచాడు. నటుణ్ణి చూసి నవ్వితే ఓడాడు. 1957లో వచ్చిన 'మాయాబజార్'లో శశిరేఖ రూపంలో ఉన్న ఘటోత్కచుణ్ణి సావిత్రి నటించింది. సుకుమారమైన దేహంలో రాక్షసవీరుడి నడక, ఆ భుజాల విరుపు, ఆ చూపు. లోకధర్మితో కొలిస్తే ఇంతకన్నా అతి ఉండదు. కాని అందులో ఒక్క కదలిక కూడా ఎక్కువ కాదు. ఎస్వీ రంగారావు ఘటోత్కచుణ్ణి అక్షరాలా చదువుకుని ఆమె తన శరీరంలోకి దించుకుంది కాబట్టి. 1975 నాటి 'ముత్యాలముగ్గు'లో రావుగోపాలరావు కాంట్రాక్టరు పాత్ర ఇందుకు మరో కొస. అరుపులు లేవు. మాటల్ని ఆచితూచి, రుచి చూస్తున్నట్టు పలుకుతాడు. ఆ తాపీతనమే మనల్ని భయపెడుతుంది.

ఈ చివరి ఉదాహరణ దగ్గర అభ్యుదయ నాటకం వైపు చూడవలసిన అవసరం ఉంది. 1943లో ఏర్పడిన ప్రజానాట్యమండలి జానపద కళారూపాల్లోని హెచ్చును ఆయుధంగా మలచుకుంది. సుంకర సత్యనారాయణ, వాసిరెడ్డి భాస్కరరావు రాసిన 'మా భూమి' నాటకం దళాలు దళాలుగా ఊళ్ళు తిరిగింది, నిషేధానికి గురయింది. ఊరి కూడలిలో ఆడే ప్రదర్శనలో దొరను బొజ్జ పెంచి, మీసం పెంచి, నవ్వు పెంచి చూపించడంలో ఒక ప్రయోజనం ఉంది. తలెత్తి చూడటానికి భయపడే మనిషి ముందు దొరను నవ్వులపాలు చేస్తే జనంలో సగం భయం ఆ రాత్రే పోతుంది. రూపమూ, దూరమూ, ప్రయోజనమూ మూడూ కుదిరాయి. దాన్ని ఓవరాక్షన్ అన్నవాడు దొర పక్షాన మాట్లాడినట్టే.

అదే దొరను అదే మీసంతో, అదే వికటాట్టహాసంతో పరిషత్తు నాటికలోకి తీసుకువస్తే ఏమవుతుంది? అక్కడ కుర్చీలు, బల్లలు, గోడ గడియారం, ఇంటి వాతావరణం అన్నీ లోకధర్మిలో ఉన్నాయి. దొర ఒక్కడే వీధినాటకం నుంచి దారితప్పి వచ్చినవాడిలా ఉంటాడు. ప్రేక్షకుడు తన ఊరి వడ్డీ వ్యాపారిని తలచుకుంటాడు. ఆయన ఇంత వికారంగా నవ్వడు. నెమ్మదిగా మాట్లాడతాడు, పిల్లల చదువుల గురించి అడుగుతాడు, మంచినీళ్ళు ఇప్పిస్తాడు, ఆ తర్వాతే నోటు మీద వేలిముద్ర వేయించుకుంటాడు. 'మావాడు ఇటువంటివాడు కాడు' అని ప్రేక్షకుడు తృప్తిగా ఇంటికి వెళతాడు. నటుడి అతి దోపిడీని బయటపెట్టవలసింది పోయి దానికి ముసుగు కప్పింది. పేదరికం విషయమూ అంతే. ప్రతి పేదవాడూ దగ్గుతూ రంగం మీదికి వస్తాడు, ప్రతి తల్లీ కొంగు నోట్లో కుక్కుకుంటుంది, ప్రతి నిరుద్యోగీ జుట్టు పీక్కుంటాడు. ఉత్తమ నటుడి బహుమతి ఉన్నచోట ఎవరి దుఃఖం వాళ్ళు విడివిడిగా పిండుకోవడానికి ప్రోత్సాహం ఉంటుంది. ప్రేక్షకుడి కన్నీళ్ళు అక్కడే ఖర్చయిపోతాయి. ఆలోచనకు మిగిలేది ఉండదు.

టెలివిజన్ సీరియళ్ళ మీద అందరూ ఈ మాటే విసురుతారు. ఒక మాట అనగానే ఉరుము శబ్దం, నాలుగు ముఖాలు, ఒక్కొక్క ముఖం మూడేసి సార్లు. నటీనటుల్ని వెక్కిరించడం తేలిక. కాని రోజుకొక భాగం నింపాలి, వారమంతా నింపాలి, ఏళ్ళ తరబడి నింపాలి. కొత్త సన్నివేశం రాయించడం కంటే ఉన్న సన్నివేశాన్ని సాగదీయడం చవక. ఆ సాగదీతకు ముఖాలు అప్పుగా ఇచ్చినవాళ్ళు నటులు. అతికి అక్కడ కారణం ప్రతిభ లోపం మాత్రమే కాదు, ఉత్పత్తి పద్ధతి. నటిని తిట్టి నిర్మాతనూ ప్రకటనకర్తనూ వదిలేసే విమర్శ సగం విమర్శే.

ఇప్పుడు మొదట వేసుకున్న రెండో ప్రశ్నకు జవాబు చెప్పవచ్చు. జీవితంలో కింది మనిషి నోరు మూయించడానికి అలవాటుపడిన మాట, కళావిమర్శలోకి తిరిగివచ్చినప్పుడు ఆ అలవాటును వెంట తెచ్చుకుంటుంది. అది కారణం చెప్పదు, తీర్పు చెబుతుంది. ఏది ఎక్కువయిందో, ఎందుకు ఎక్కువయిందో చెప్పవలసిన శ్రమ నుంచి విమర్శకుణ్ణి తప్పిస్తుంది. పల్లె గొంతునూ, పనిచేసే శరీరాల కదలికనూ, బిగ్గరగా ఏడ్చే హక్కునూ ఒకే దెబ్బతో అనాగరికం చేస్తుంది. మరోవైపు నిజంగా అతి ఉన్నచోట, అంటే పాత్రను అమ్ముకుని చప్పట్లు కొనుక్కునే చోట, అందరితోపాటు చప్పట్లు కొడుతుంది.

మాటను భాషలోంచి తీసివేయడం ఎవరివల్లా కాదు, అవసరమూ లేదు. దాన్ని వాడేవాడి చేత లెక్క చెప్పించడం మాత్రం సాధ్యమే. నాటక పోటీల న్యాయనిర్ణేతలు, సమీక్షకులు, బడుల్లో పిల్లలచేత నాటికలు వేయించే ఉపాధ్యాయులు ఈ పని చేయవచ్చు. 'ఓవరాక్షన్' అని రాసినప్పుడు దాని పక్కనే 'ఎందుకంటే' అని రాయాలి. ఆ తర్వాత రాయడానికి వాక్యం దొరకకపోతే ముందు మాట కొట్టివేయాలి. బతుకులోనైతే ఇంకా సులువైన పరీక్ష ఉంది. ఆ మాట అనబోయేముందు, ఎదుటి మనిషి స్థానంలో మన పైవాడు ఉంటే ఇదే మాట ఆయన మొహం మీద అనగలమా అని చూసుకోవాలి. అనలేమని తేలితే, ఎక్కువ చేస్తున్నది ఎవరో కూడా తేలినట్టే.